ఇంగ్లిష్ నుడికారాలు: పట్టిక బట్టీ పడితే నిలుస్తాయా?

కర్నూలు_అభ్యర్థి

అందరికీ నమస్కారం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు తయారవుతున్నాను. లెక్కలు, రీజనింగ్ ఎలాగోలా నెట్టుకొస్తున్నాను. ఇంగ్లిష్‌లో 'ఇడియమ్స్' దగ్గరే బండి ముందుకు కదలడం లేదు. కోచింగ్ పుస్తకంలో అక్షర క్రమంలో వందల కొద్దీ ఇచ్చారు. 'సి' అక్షరానికి వచ్చేసరికి 'ఎ' లోవి ఆవిరైపోతున్నాయి.

అన్నీ తెలిసిన పదాలే, కలిపితే అర్థం ఎక్కడికో పోతుంది. 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అంటే 'పూర్తిగా, ఏదీ మిగల్చకుండా' అని పుస్తకంలో ఉంది. తాళానికీ, సరుకుకూ, పీపాకూ ఆ అర్థంతో సంబంధం ఏమిటి? 'ఫ్లాష్ ఇన్ ద పాన్' అంటే ఒకసారి మెరిసి చప్పబడిపోయేదట. పెనంలో మెరుపు ఏమిటి? వీటిని గుర్తుంచుకునే దారి ఎవరైనా చెప్పండి.

కోటేశ్వరరావు_మాస్టారు

బాబూ, అక్షర క్రమం నిఘంటువుకు మంచిది, జ్ఞాపకానికి కాదు. ఆ పట్టికను విడగొట్టి వృత్తుల వారీగా పేర్చుకో. ఇంగ్లిష్ నుడికారాల్లో చాలా భాగం కొద్ది చోట్లనే పుట్టాయి: ఓడ, తుపాకి, గుర్రం, ఆట మైదానం, నాటకశాల. నువ్వు అడిగిన రెండూ తుపాకివే.

పాతకాలపు చెకుముకి తుపాకి ఊహించుకో. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగానికి వెళ్తే పాత తుపాకులను దగ్గరగా చూడవచ్చు. గొట్టం పక్కన బొటనవేలంత చిన్న పళ్లెం ఉంటుంది. దాన్నే 'పాన్' అంటారు. అందులో చిటికెడు మందు పోస్తారు. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కును రాసుకుని నిప్పురవ్వలు రాలుతాయి, పళ్లెంలో మందు భగ్గుమంటుంది. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పాకి, అసలు మందును అంటుకోవాలి. అప్పుడే గుండు బయటికి వస్తుంది. మందు చెమ్మగిల్లినా, రంధ్రం పూడినా పళ్లెంలో మెరుపే మిగులుతుంది, గుండు కదలదు. ఒక్క సినిమాతో మెరిసి మళ్లీ కనిపించని హీరోను 'ఫ్లాష్ ఇన్ ద పాన్' అనేది ఇందుకే.

ఇక 'లాక్' అంటే రాయిని కొట్టించే యంత్రం. 'స్టాక్' అంటే భుజానికి ఆనించుకునే చెక్క. 'బ్యారెల్' అంటే గొట్టం. మూడూ కలిస్తే మొత్తం తుపాకి. మనం 'తట్టాబుట్టా సర్దుకుని' అన్నట్టే. ఈ వరుసలోదే 'గో ఆఫ్ హాఫ్ కాక్‌డ్'. రాయి పట్టుకున్న మీటను సగం వెనక్కి లాగి ఉంచితే తుపాకి పేలకూడదు, అది భద్రం కోసం పెట్టిన స్థానం. అక్కడే పేలిందంటే సిద్ధం కాకముందే పని మొదలైనట్టు. తుపాకి ఒక్కటి అర్థమైతే ఈ మూడూ నీవే.

శ్రీవాణి_కొండాపూర్

మాస్టారి పద్ధతి బాగుంది. కానీ పరీక్ష గట్టెక్కి ఉద్యోగంలో చేరాక ఈ తమ్ముడికి వినబడేవి వేరు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా క్లయింట్లు అమెరికావాళ్లు. తుపాకులూ ఓడలూ అరుదు, రోజంతా బేస్‌బాలే. మా బృందంలో ఆ ఆట చూసినవారు ఒక్కరూ లేరు, మాటలు మాత్రం అందరి నోళ్లలో ఉన్నాయి.

'టచ్ బేస్' అంటే ఓసారి పలకరించుకోవడం. పరుగు తీసేవాడు మైదానంలోని గుర్తులను తాకుతూ వెళ్లాలి. 'కవర్ ఆల్ ద బేసెస్' అంటే ఏ వైపూ వదలకుండా చూసుకోవడం. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే బాధ్యత మీద వేసుకోవడం. అక్కడ బ్యాటు పట్టుకుని నిలబడే చోటు పేరు ప్లేటు, భోజనం కంచం కాదు. 'కర్వ్‌బాల్' అంటే ఊహించని చిక్కు. మన స్వింగ్ బంతిలాగే తిన్నగా వస్తున్నట్టు వచ్చి వంపు తిరుగుతుంది. 'రెయిన్ చెక్' కూడా వాళ్లదే. 1880లలో వానకు ఆట ఆగిపోతే మరో రోజు రావడానికి పనికొచ్చే చీటీ ఇచ్చేవారు. ఇప్పుడు ఎవరైనా భోజనానికి పిలిస్తే 'ఈసారి వద్దు, మళ్లీ చూద్దాం' అని మర్యాదగా తప్పుకోవడానికి వాడతారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది 'బాల్‌పార్క్ ఫిగర్'తో. ఒకసారి క్లయింటు ఒక పనికి బాల్‌పార్క్ చెప్పమన్నాడు. ఉజ్జాయింపు అంకె చాలునని దాని అర్థం. బృందంలో కొత్తగా చేరిన అబ్బాయి రాత్రంతా కూర్చుని, గంటల లెక్క దశాంశాలతో సహా పట్టిక కట్టి పంపాడు. అంత కచ్చితంగా వచ్చిన అంకెను అవతలివాళ్లు మాట ఇచ్చినట్టే తీసుకున్నారు. తర్వాతి నెలంతా ఆ దశాంశాల చుట్టూ పంచాయితీ. 'రెండు మూడు నెలలు పట్టవచ్చు' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

నిర్వాహకులు

చర్చ పరీక్షల పరిధి దాటింది కనుక దీన్ని 'పోటీ పరీక్షలు' నుంచి 'భాష' విభాగానికి మార్చాం. కొనసాగించండి.

లంగరు_విశాఖ

ఓడలవి నాకు వదిలేయండి. సరుకు ఓడల ఇంజన్ గదిలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మేము చేరేనాటికే తెరచాపల కాలం పోయింది, వాటి మాటలు మాత్రం డెక్కు మీద మిగిలే ఉన్నాయి.

'లర్న్ ద రోప్స్' అంటే పని మెలకువలు నేర్చుకోవడం. పెద్ద తెరచాప ఓడలో తాళ్లు వందకు పైచిలుకు ఉంటాయి. ఏది లాగితే ఏ చాప లేస్తుందో, ఏది వదిలితే ఏది వాలుతుందో చీకట్లో తడిమి చెప్పగలగాలి. కొత్తవాడికి అదే ఓనమాలు. మన నౌకాదళానికి తరంగిణి అనే మూడు స్తంభాల తెరచాప ఓడ ఉంది. 1997లో దళంలో చేరింది. శిక్షణకు వెళ్లిన కుర్రవాళ్లు దాని మీద ఇప్పటికీ అక్షరాలా తాళ్లే నేర్చుకుంటారు.

'త్రీ షీట్స్ టు ద విండ్' అంటే తప్పతాగి ఉండటం. షీటు అంటే చాప అనుకుంటారు, కాదు. చాప కింది మూలను బిగించి పట్టుకునే తాడు పేరు షీటు. ఆ తాళ్లు మూడు ఊడి గాలికి కొట్టుకుంటుంటే చాపలు అదుపు తప్పి ఓడ అటూ ఇటూ తూలుతుంది. కల్లు దుకాణం నుంచి వచ్చేవాడి నడక చూసినవారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

'టేకెన్ అబాక్' అంటే ఉలిక్కిపడి నోట మాట రాకపోవడం. వెనక నుంచి తోయాల్సిన గాలి ఒక్కసారిగా ఎదురు తిరిగి చాపలను స్తంభానికేసి అదిమేస్తే ముందుకు పోయే ఓడ గప్‌చుప్‌గా ఆగిపోతుంది. తెరచాప ఓడకు అంతకన్నా పెద్ద ప్రమాదాలు అరుదు.

'బై అండ్ లార్జ్' అంటే మొత్తమ్మీద. గాలికి వీలైనంత ఎదురుగా నడపడం 'బై', గాలి వెనక నుంచో పక్క నుంచో అనుకూలంగా వీస్తుండగా సాగడం 'లార్జ్'. రెండు విధాలా బాగా నడిచే ఓడ మొత్తమ్మీద మంచి ఓడ.

'ది బిటర్ ఎండ్'కు చేదుతో పని లేదు. లంగరు తాడు చుట్టే దిమ్మలను 'బిట్స్' అంటారు. తాడు ఓడ వైపు కొస బిటర్ ఎండ్. అక్కడిదాకా తాడు వదిలేశారంటే ఇక వదలడానికేమీ లేదు, కడదాకా వచ్చినట్టే.

పుస్తకాల_పురుగు

లంగరు గారి రాతకు దండం. తాళ్ల సంగతి ఇంత తేటగా నేను ఎక్కడా చదవలేదు. చివరిదానికి మాత్రం ఒక సవరణ. కెప్టెన్ జాన్ స్మిత్ 1627లో వేసిన నావికుల పుస్తకంలో ఆ 'బిటర్' ఉన్న మాట నిజమే. కానీ ఇంగ్లిష్ బైబిల్ సామెతల గ్రంథం అయిదో అధ్యాయంలో మాచిపత్రి అంత చేదైన అంతం కూడా ఉంది. ఆ పుస్తకం ఇంటింటా చదివిన జాతి అది. ఏది మూలమో నిఘంటుకారులు తేల్చలేదు, రెండూ కలిసిపోయి ఉండవచ్చు కూడా.

నావికులకు ఒక అలవాటు ఉంది, కోప్పడకండి. ప్రతి మాటా తమ ఓడ మీదే పుట్టిందంటారు. భాష మీద మక్కువ ఉన్నవాళ్లు దీన్ని ఎగతాళి చేస్తూ 'అన్నిటికీ సముద్ర మూలం అంటగట్టే సంఘం' అని ఊహా సంఘం ఒకటి కట్టారు. దాని ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిపితే 'కనూ' అని వస్తుంది, అంటే చిన్న పడవ!

లంగరు_విశాఖ

కోపమెందుకు? సంఘంలో నాకూ సభ్యత్వం ఇప్పించండి.

సుజాత_లీడ్స్

నేను ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో నర్సుని. ఇక్కడికి రావడానికి ముందు ఇంగ్లిష్ పరీక్షలు రాశాను, మంచి మార్కులే వచ్చాయి. వాటిలో ఎక్కడా కనబడని మాటలు వార్డులో మొదటి వారమే వినబడతాయి.

ఎనభై దాటిన పెద్దావిడ 'స్పెండ్ ఎ పెన్నీ' అంటే చిల్లర వెతకకండి, మరుగుదొడ్డికి తీసుకెళ్లమని అడుగుతోంది. ఒకప్పుడు ఇక్కడి పబ్లిక్ మరుగుదొడ్ల తలుపులు పెన్నీ నాణెం వేస్తే తెరుచుకునేవి. 'వాటర్‌వర్క్స్' బాగాలేదంటే కుళాయి గురించి కాదు, మూత్రం సమస్య. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండటం. 'ఆన్ ద మెండ్' అంటే కోలుకుంటున్నారు. 'రైట్ యాజ్ రెయిన్' అంటే పూర్తిగా బాగున్నారు. వానకూ ఆరోగ్యానికీ పొత్తు ఎలా కుదిరిందో ఇక్కడి ఆకాశాన్నే అడగాలి. 'పాప్డ్ హిజ్ క్లాగ్స్' అంటే చనిపోయాడు. ఇది ఇక్కడివాళ్లు తమలో తాము నవ్వుతూ అనుకునే మాట. మనం అనకూడదు, కుటుంబ సభ్యుల ముందు అసలే అనకూడదు.

అన్నిటికన్నా కష్టం తగ్గించి చెప్పే అలవాటు. యార్క్‌షైర్ పెద్దాయన 'బిట్ పూర్లీ' అన్నాడంటే పైకి 'కాస్త నలత' అనే అర్థం వస్తుంది. మన ఊళ్లో అయితే అదే బాధకు ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరేవారు. ఆ మాట వినగానే నాడి, బీపీ చూడటం అలవాటు చేసుకున్నాను.

రాసేటప్పుడు మాత్రం వీటిలో ఒక్కటీ పనికిరాదు. కేస్ షీటులో గానీ, డ్యూటీ అప్పగించేటప్పుడు గానీ సాదా మాటలే రాయాలి. ఆ షిఫ్టు అందుకునే నర్సు కేరళ అమ్మాయి కావచ్చు, ఫిలిప్పీన్స్ అబ్బాయి కావచ్చు.

భాస్కర్_నిజామాబాద్

చూస్తూ చూస్తూ ఉండబట్టలేక రాస్తున్నాను. వృత్తిరీత్యా న్యాయవాదిని. ఇంగ్లిష్ రాతలో నుడికారం మనకు అవసరమా? సుజాత గారే అంటున్నారు రాయకూడదని. తేట వాక్యం రాయడం రానివాళ్లు నుడికారాలు గుప్పిస్తారు. మా దగ్గరికి వచ్చే కొన్ని పిటిషన్లలో ఒకే పేరాలో రాయి తిరగబడుతుంది, మంచు పగులుతుంది, మొసలి ఏడుస్తుంది. జడ్జి గారికి కావలసింది తేదీ, సర్వే నంబరు.

పైగా ఒకే మాటకు దేశానికో అర్థం. బ్రిటన్‌లో ఒక పత్రాన్ని 'టేబుల్' చేయడమంటే చర్చకు పెట్టడం, మన పార్లమెంటులోనూ అంతే. అమెరికాలో దానర్థం పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రెండు దేశాల సైనికాధికారులు ఒక పత్రాన్ని టేబుల్ చేయాలా వద్దా అని పంతాలకు పోయి వాదించుకున్న సంగతి చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటే!

శ్రీవాణి_కొండాపూర్

భాస్కర్ గారూ, రాయవద్దంటే ఒప్పుకుంటాను, నేర్చుకోవద్దంటే ఒప్పుకోను. మనం వాడకపోయినా అవతలివాళ్లు వాడటం మానరు. మొన్న ఒక క్లయింటు మా విడుదలను 'హెయిల్ మేరీ' అన్నాడు. తెలియనివాళ్లు దైవానుగ్రహం ఉందని మురిసిపోయారు. నిజానికి అది అమెరికన్ ఫుట్‌బాల్ మాట. 1975 డిసెంబరు 28న డల్లాస్ జట్టు ఆటగాడు రోజర్ స్టాబాక్ ఆఖరి క్షణాల్లో దిక్కుతోచక బంతిని చాలా దూరం విసిరాడు, అది గెలిపించింది. విసిరేటప్పుడు మేరీమాతను తలచుకున్నానని ఆట తర్వాత చెప్పాడు. అప్పటినుంచి ఆ మాట ఊరూరా పాకింది. అంటే క్లయింటు అన్నది 'మీ పని దేవుడి మీద భారం వేసి విసిరిన బంతి' అని. అది పొగడ్త కాదు, ఫిర్యాదు. అర్థం కాకపోతే నష్టం మనకే కదా?

భాస్కర్_నిజామాబాద్

వినడానికి, చదవడానికి అయితే సరే. సంతకం పెట్టే కాగితంలోకి మాత్రం రానివ్వను.

కర్నూలు_అభ్యర్థి

అందరికీ ధన్యవాదాలు. పట్టిక చింపి మళ్లీ రాసుకుంటున్నాను. రెండు సందేహాలు. 'బైట్ ద బుల్లెట్', అంటే పళ్ల బిగువున బాధ భరించడం, 1857 తిరుగుబాటులో పుట్టిందని మా కోచింగ్ సార్ చెప్పారు. కొవ్వు పూసిన తూటాలను సిపాయిలు కొరకాల్సి వచ్చిందనీ, అదే ఇదనీ. నిజమేనా? రెండోది, 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి పడేవట.

పుస్తకాల_పురుగు

1857 కథ రక్తి కడుతుంది గానీ తేదీ కుదరదు. ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాను పళ్లతో చింపాల్సి వచ్చిన మాట చరిత్రే. కానీ ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వాడుక మాటల నిఘంటువు 1796 ముద్రణలోనే దీని మూలం కనబడుతుంది. సైన్యంలో కొరడా శిక్ష పడినప్పుడు అరవడం కొన్ని పటాలాల్లో పరువు తక్కువ. అరిచినవాణ్ణి 'నైటింగేల్' అని వెక్కిరించేవారు, అది పాడే పిట్ట. అరుపు రాకుండా సిపాయి ఒక గుండును నోట్లో పెట్టుకుని నమిలేవాడు. ఇది తిరుగుబాటుకు అరవై ఏళ్ల ముందరి మాట. ఆ తర్వాత బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ 1891 నాటి నవలలో ఇప్పటి అర్థానికి దగ్గరగా వాడాడు. మత్తుమందు లేని రోజుల్లో శస్త్రచికిత్సప్పుడు గుండు కొరికేవారన్న కథ కూడా చలామణిలో ఉంది, అదీ నమ్మదగింది కాదు.

పిల్లులూ కుక్కల కథ 1999లో ఇంటర్నెట్‌లో చక్కర్లు కొట్టిన ఒక ఈమెయిల్ పుణ్యం. పదహారో శతాబ్దపు జీవితం అంటూ అందులో ఉన్నవి చాలావరకు కట్టుకథలే. జొనాథన్ స్విఫ్ట్ 1738లో ఈ మాట వాడాడు, మూలం తేలలేదు. ఇంకో సంగతి, ఇప్పటి ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని పెద్దగా అనరు. మన బడి పుస్తకాల్లోనే ఇంకా కురుస్తోంది.

మన దేశానికి అంటగట్టినదే మరొకటి 'ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్'. మొగలాయిల రాగి నాణెం 'దామ్' నుంచి వచ్చిందంటారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీన్ని ఒప్పుకోలేదు. నిజంగా ఇక్కడినుంచి వెళ్లినవి లేకపోలేదు. హిందీ 'దేఖో' నుంచి బ్రిటిష్ సిపాయిలు 'డెకో' పట్టుకెళ్లారు, 'హ్యావ్ ఎ డెకో' అంటే ఓ చూపు చూడమని. ముద్ర అనే అర్థమున్న 'ఛాప్' నుంచి 'ఫస్ట్ చాప్' వచ్చింది, మేలురకం అని.

సుజాత_లీడ్స్

డెకో మా ఆసుపత్రిలో పాతతరం వాళ్లు ఇప్పటికీ అంటారు! అది మన దగ్గరినుంచి వెళ్లిందని రేపు మా వార్డు పెద్దాయనకు చెప్పాలి.

కోటేశ్వరరావు_మాస్టారు

చావు గురించిన మాటల మీద సుజాతమ్మ చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను, పట్టికల్లో ఇదే లోపిస్తుంది. పుస్తకంలో 'కిక్ ద బకెట్' ఎదురుగా 'చనిపోవు' అని రాసి వదిలేస్తారు. మన దగ్గర కన్నుమూశారు, స్వర్గస్థులయ్యారు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు, అన్నీ చావే. ఏది శ్రద్ధాంజలి ప్రకటనలో వేస్తారో, ఏది అరుగు మీద అంటారో తెలుగు పిల్లవాడికి ఒకరు నేర్పనక్కరలేదు. ఇంగ్లిష్‌లో అది పనిగట్టుకుని నేర్చుకోవాలి. పెద్ద వయసులో పోయిన మనిషి గురించి 'హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్' అనవచ్చు, నిండుగా బతికారని. క్రికెట్ మాట కనుక ఇంగ్లండులో చెల్లుతుంది. అదీ దూరపు బంధువు అనాలి గానీ చిన్న వయసులో పోయినవారి ఇంట అనరాదు. కాబట్టి అర్థం పక్కనే మరో గడి గీసుకో బాబూ: ఎవరు, ఎవరితో అనవచ్చు. ఆ గడి నింపలేకపోతే ఆ నుడికారం పరీక్షకు మాత్రమే.

లంగరు_విశాఖ

సంఘ సభ్యుడి హోదాలో చివరిగా ఒకటి. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ', అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం, బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్‌ది. 1794లో కోర్సికాలో కాల్వి ముట్టడిలో ఆయన కుడికన్ను చూపు పోయింది. 1801 కోపెన్‌హాగన్ యుద్ధంలో పై అధికారి హైడ్ పార్కర్ వెనక్కి తగ్గమని జెండాలతో సంకేతం ఇస్తే, దుర్భిణిని ఆ గుడ్డి కంటికి పెట్టుకుని 'నాకేమీ కనబడటం లేదు' అన్నాడట. గెలిచాడు కాబట్టి చెల్లింది.

పుస్తకాల_పురుగు

ఆ మాట నెల్సన్‌కు ముందునుంచే ఉంది. అయినా ఆ యుద్ధం తర్వాత ఆయన పేరు తీయకుండా ఎవరూ చెప్పరు. ఈసారి మీకే వదిలేస్తున్నాను.

కర్నూలు_అభ్యర్థి

మాస్టారూ, గడి గీశాను. ఓడ, తుపాకి, బేస్‌బాల్, ఆసుపత్రి అని నాలుగు పేజీలు. నాటకశాల అని అయిదో పేజీ తెరిచాను, అది ఖాళీగా ఉంది. 'స్టీల్ సమ్‌వన్స్ థండర్' అందులో రాయవచ్చా, లేక వాతావరణం పేజీ వేరే పెట్టాలా?

పుస్తకాల_పురుగు

నిస్సందేహంగా నాటకశాలే. జాన్ డెన్నిస్ అనే ఆయన 1709లో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో తన నాటకం కోసం ఉరుము చప్పుడు చేసే కొత్త ఏర్పాటు కనిపెట్టాడు. నాటకం ఆడలేదు, ఎత్తేశారు. కొన్నాళ్లకు అదే రంగస్థలం మీద షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' చూడటానికి వెళ్తే తన ఉరుమే వినబడింది. నా నాటకాన్ని ఆడనివ్వరు గానీ నా ఉరుమును మాత్రం దొంగిలిస్తారా అని అక్కడే లేచి మండిపడ్డాడట. ఒకరికి దక్కాల్సిన పేరును ఇంకొకరు ముందుగా కొట్టేస్తే ఇప్పుడు అలా అంటారు. మాస్టారు చెప్పిన 'ఎవరు, ఎవరితో' గడిలో 'సహోద్యోగులతో, పత్రికల్లో, ఎక్కడైనా' అని రాసుకోండి. దీనికి దేశాల పట్టింపు కూడా లేదు.